రెండవ ఫ్రాన్సిస్ డే – మన చేపల చరిత్రకారుడు

చెన్నపట్టణ చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికిని ఫ్రాన్సిస్ డే అను పేరు పరిచితమే. 1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకుని వలన సముద్రతీరమున ఇసుకనేలను సంపాదించి, ఈస్టిండియా కంపెనీవారి కోటకు స్థలము నేర్పరచిన వర్తకుడాతడు. కాని ఆ పేరుగల ఆంగ్లేయుడు మరియొకడు చెన్నరాజధానిలో నివసించెనని ఎరిగినవారు మనలో తక్కువ. ఈ రెండవ ఫ్రాన్సిస్ డే కోటలను కట్టలేదు, వర్తకము చేయలేదు. ఇతడు వైద్యుడు. సైన్యమున రోగులకు మందులిచ్చుటకై వచ్చి, ఈ దేశపు నదులలో, చెరువులలో, వరిమళ్లలో, సముద్రములో ఉండు చేపలనన్నిటిని గూర్చి గ్రంథము వ్రాసి పోయెను. నేడు గాజుతొట్టెలో రంగుచేపలను పెంచి, వాటికి పురుగులను మేపి ఆనందించు ప్రతి బాలుడును, తెలిసియో తెలియకయో, ఈతనికి ఋణపడి యున్నాడు. అట్టివాని జీవితమును సంగ్రహముగా తెలిసికొందము.

ఫ్రాన్సిస్ డే 1829వ సంవత్సరము మార్చి 2వ తేదీన ఇంగ్లండు దేశమున ససెక్సు మండలములోని మేర్సుఫీల్డు అను గ్రామమున జన్మించెను. ష్రూస్‌బరీ పాఠశాలలో చదువుకొనెను. విచిత్రమేమనగా, ప్రకృతిశాస్త్రమునకు కొత్త మార్గము చూపిన ఛార్లెస్ డార్విను కూడ అంతకు పూర్వము ఆ పాఠశాలలోనే చదివెను. ఆ దినములలో అట్టి పాఠశాలలయందు లాటిను, గ్రీకు భాషలకే పెద్దపీట. జంతువులను, మొక్కలను పరిశీలించుట చదువులో చేరినది కాదు. పాఠశాల విడిచిన పిమ్మట డే లండనులోని సెయింటు జార్జి వైద్యశాలలో వైద్యము నభ్యసించి, 1851లో శస్త్రవైద్యుల కళాశాలవారి యోగ్యతాపత్రము పొందెను. మరుసటి సంవత్సరమే కంపెనీవారి చెన్నరాజధాని సైన్యమున సహాయ వైద్యుడుగా చేరి ఓడ యెక్కెను. అప్పటికాతని వయస్సు 23 సంవత్సరములు.

వచ్చిన వెంటనే ఆతనికి యుద్ధభూమి దర్శనమిచ్చెను. 1852లో ప్రారంభమైన రెండవ బర్మా యుద్ధమున ఆతడు సేనలతో కూడ పనిచేసెను. తరువాత దక్షిణదేశమున పలుతావుల ఉద్యోగము చేసి, కొంతకాలమునకు కొచ్చినికి చేరెను. అచ్చట ఒకవైపు సముద్రము, మరియొకవైపు ఉప్పునీటి కాలువలు, వెనుక పర్వతములనుండి దిగివచ్చు మంచినీటి ఏరులు. ప్రతి ఉదయమును అంగడికి వచ్చు చేపల బుట్టలలో ఎన్ని ఆకారములో, ఎన్ని వన్నెలో! మనవంటివారు కూరకు తగిన చేపను ఏరుకొని ఇంటికి పోవుదుము. డే మాత్రము ఆ బుట్టలయొద్ద నిలిచి, ప్రతి చేపను చేతబట్టి, రెక్కలలోని ముండ్లను లెక్కించి, పొలుసుల వరుసలను గణించి, స్థానికులు దాని నేమని పిలుతురో అడిగి వ్రాసికొనెను. ఆ జాలరుల జ్ఞానమును ఆతడు చులకన చేయలేదు. తెలియనివారు తెలిసినవారిని అడుగుటలో సిగ్గులేదను సంగతి ఆతని జీవితమంతటను కన్పించును.

కొచ్చిని రాజ్యముయొక్క పూర్వోత్తరములను గూర్చి ఆతడు 1863లో ఒక గ్రంథము ప్రకటించెను. 1865లో మలబారు చేపలను గూర్చిన గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరముననే ఆతడు తిరువాన్కూరు కొండలలోని ముండకాయము ప్రాంతమునుండి లభించిన ఒక చిన్న చేపను లోకమునకు పరిచయము చేసెను. దాని ప్రక్కలందు నల్లని గీత. ఆ గీతకుపైన కంటినుండి నడుమువరకు ఎఱ్ఱని గీత. తోకపై నలుపును పసుపును కలిసిన మచ్చలు. అప్పటి చెన్నరాజధాని గవర్నరు సర్ విలియం డెనిసను పేరు ఆ చేపకు పెట్టెను. ఆ చేప కథ ఇచ్చట ముగియలేదు. ముందు మరల దానిని కలిసికొందము.

డే జీవితమున జయములవలెనే అపజయములును కలవు. వాటిలో మనకు మిక్కిలి పాఠము నేర్పునది ట్రౌటు చేపల ప్రయత్నము. నీలగిరులమీది చల్లని ఏరులను చూచిన ఆంగ్లేయులకు స్వదేశమునందలి ట్రౌటు చేప జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ చేపను ఉదకమండలమునకు తెచ్చి పెంచవలెనని డే 1860లలో సాహసించెను. పెద్ద చేపలు అంతదూరము బ్రతికి రాలేవు. కావున గ్రుడ్లను తేవలెను. గ్రుడ్డు పిల్ల కాకుండ ఆగవలెనన్న దానిని చల్లగా ఉంచవలెను. నేటివలె విద్యుచ్ఛక్తితో పనిచేయు శీతలపేటికలు అప్పుడు లేవు. సూయజు కాలువ 1869వరకు తెరువబడలేదు గనుక, ఇంగ్లండునుండి వచ్చు సామగ్రి ఐగుప్తు దేశమున ఒక ఓడనుండి దిగి, ఎడారి నేలను దాటి, వేరొక ఓడ నెక్కవలసి యుండెను. లేదా ఆఫ్రికాఖండమును చుట్టి రావలెను. ఉష్ణమండలపు ఎండకు ఆ సున్నితమైన గ్రుడ్లు తాళలేదు. డే ప్రయత్నము ఫలింపలేదు. 1864లో మాత్రము మంచుగడ్డలనడుమ నాచులో పొదిగిన గ్రుడ్లు ఇంగ్లండునుండి టాస్మేనియా ద్వీపమునకు ప్రాణముతో చేరెను. నీలగిరులలో ట్రౌటు స్థిరపడుటకు 20వ శతాబ్ది ప్రారంభమువరకు వేచియుండవలసి వచ్చెను. అప్పటికి డే లోకమున లేడు. చల్లదనము జీవక్రియను మందగింపజేయుననియు, వేడి దానిని త్వరపెట్టి నశింపజేయుననియు ఈ వృత్తాంతము చెప్పకనే చెప్పుచున్నది. మేత విషయమున ఈ సంగతి మనకు మరల అక్కరకు వచ్చును.

చేపలు ఊపిరి పీల్చు విధమును గూర్చి డే చేసిన పరిశోధన మన గ్రామ బాలురకు మిక్కిలి ఆసక్తి కలిగింపగలదు. వేసవిలో చెరువు ఎండిపోవునపుడు బురదలో కొరమీను బ్రతికియుండుటను, తొలివాన కురియగానే కొన్ని చేపలు తడినేలపై ప్రాకుచు మరియొక గుంటకు పోవుటను మనవారు చూచియే యున్నారు. తరంగంబాడి యొద్ద ఒక చేప తాటిచెట్టు నెక్కుచుండగా చూచితినని ఒక డేనిష్ ఉద్యోగి వ్రాసిన సంగతి 1797లో ప్రకటింపబడి, ఐరోపా పండితులను ఆశ్చర్యములో ముంచెను. కొందరు నమ్మిరి, కొందరు నవ్విరి. డే నమ్మనూ లేదు, నవ్వనూ లేదు, పరీక్షించి చూచెను. నీటిపాత్రలో కొరమీనును ఉంచి, అది నీటిపైకి వచ్చి గాలిని మ్రింగుటకు వీలులేకుండ నీటిలోపల వలను అడ్డముగా బిగించినచో, నీటిలోనే యున్నను ఆ చేప ఊపిరాడక చచ్చునని ఆతడు తెలిసికొనెను. అనగా కొరమీను మొదలైనవి నీటిలో కరగిన ప్రాణవాయువుతో మాత్రమే తృప్తిపడవు. బయటి గాలియు వాటికి కావలెను. చేప నీటిలో మునిగి చచ్చుట యను మాట వినుటకు హాస్యముగా నుండును. కాని అది శాస్త్రసత్యము.

ఇక ఆతని జీవితములోని ముఖ్యఘట్టమునకు వత్తము. గోదావరిపై ధవళేశ్వరముకడ సర్ ఆర్థరు కాటను నిర్మించిన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. కృష్ణపై బెజవాడకడ కట్టిన ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. దక్షిణమున కొల్లడముపై అంతకుముందే కట్టలు వెలసెను. ఆ కట్టలవలన లక్షల యకరముల భూమి సస్యశ్యామలమైనది, క్షామము తొలగినది. అయితే నీటికి కట్టిన గోడ చేపలకు కూడ గోడయే కదా! సముద్రమునుండి నదిలోనికి ఎదురీది వచ్చి గ్రుడ్లుపెట్టు పులసకు ఆ గోడ దాటరానిదయ్యెను. 1867లో ఈ సంగతిని ప్రభుత్వము దృష్టికి తెచ్చినవారెవరో కాదు. ఆనకట్టలను కట్టిన కాటను దొరయే. తాను చేసిన మహోపకారములో ఒక అపకారము కూడ దాగియుండవచ్చునని గ్రహించి, దానిని తానే బయటపెట్టిన ఆ పెద్దమనిషి మనస్సు గొప్పది. ఆ విషయమును విచారించు భారము డేపై పడెను.

డే నదులవెంట తిరిగెను, ఆనకట్టలను చూచెను, జిల్లా అధికారులను, జాలరులను ప్రశ్నించెను. 1871లో ఆతడు భారతదేశమంతటికిని మత్స్యశాఖాధికారిగా నియమింపబడెను. 1873లో మంచినీటి చేపలను గూర్చియు, సముద్రపు చేపలను గూర్చియు రెండు నివేదికలను సమర్పించెను. ఆనకట్టలు మాత్రమే దోషులు కావని ఆతడు తేల్చెను. సన్నని కన్నులుగల వలలతో పిల్లచేపలను పట్టుట, వరిమళ్ల కాలువలలో వెదురుబుట్టలు పెట్టి ఎదుగని పిల్లలను బుట్టలకొలది తీయుట, గ్రుడ్లుపెట్టు కాలమున తల్లిచేపలను చంపుట, నీటిలో విషము కలుపుట – ఇవి నదులను చేపలులేని నదులుగా చేయుచున్నవని వివరించెను. వలకన్ను ఇంత వెడల్పునకు తక్కువ కాకూడదను నియమము ఉండవలెననియు, ఆనకట్టలలో చేపలు ఎక్కిపోవుటకు దారి విడువవలెననియు, విషప్రయోగమును నిషేధింపవలెననియు కోరెను. చేప పేదవాని ఆహారము. నేడు పిల్లలను తిన్నచో రేపు పెద్దచేపలు ఉండవను సంగతి ఆతని నివేదికలకు ప్రాణము.

ఆతని మాట వెంటనే చెల్లలేదు. పేదలు పట్టుకొను చేపలకు ఆటంకము కల్పించుట తగదని కొందరధికారులు తలంచిరి. ఆ తలంపులో దయ లేకపోలేదు; కాని ముందుచూపు కొరవడినది. డే 1877లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు మరలెను. ఆతడు వెళ్లిన ఇరువది సంవత్సరములకు, 1897లో, భారత మత్స్యచట్టము పుట్టినది. నీటిలో విషము కలుపుటయు, ప్రేలుడు పదార్థములతో చేపలను చంపుటయు దానివలన నేరములయ్యెను. చెన్నరాజధానిలో మత్స్యశాఖను నెలకొల్పుటకు సర్ ఫ్రెడరిక్ నికల్సను 1905లో పూనుకొనెను. చెన్నపట్టణపు సముద్రతీరమున 1909లో చేపల ప్రదర్శనశాల తెరువబడి, గాజువెనుక జీవించు చేపలను చూచు భాగ్యము సామాన్యజనులకు కలిగెను. ఆ శాల తరువాత మూతపడినది. విత్తిన చేయి ఒకటి, కోసిన చేయి మరియొకటి యనుటకు ఇది నిదర్శనము.

ఉద్యోగములో ఉన్నప్పుడే డే తన మహాగ్రంథమును ప్రారంభించెను. భారతదేశపు చేపలు అను ఆ గ్రంథము 1875 మొదలు 1878 వరకు భాగములుగా వెలువడెను. రమారమి 200 చిత్రఫలకములతో అది నేటికిని పండితులకు ఆధారగ్రంథము. తరువాత ఆతడు బ్రిటిషు ద్వీపముల చేపలను గూర్చియు పెద్దగ్రంథము రచించెను. ఆతని కీర్తి పెరిగినకొలది వివాదములును పెరిగెను. బ్రిటిషు మ్యూజియములో చేపల విభాగమునకు పెద్దయైన ఆల్బర్టు గుంథరు అను పండితునకును ఈతనికిని సరిపడలేదు. ఒకరి తప్పు నొకరు ఎత్తిచూపుచు వ్రాసికొనిరి. 1883లో లండనులో జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనమున భారతదేశపు వస్తువులను సమకూర్చినవాడు డే. ఆ ప్రాంతముననే తాను కూడబెట్టిన చేపలలో పెద్దభాగమును ఆతడు ఆస్ట్రేలియాలోని సిడ్నీ మ్యూజియమునకు అమ్మివేసెను. అందువలన మన ఏరులలో, చెరువులలో పట్టిన చేపలు ఎన్నియో నేడు సిడ్నీ నగరమున సీసాలలో నున్నవి. ఇద్దరు విద్వాంసుల పంతమునకు పాపము ఆ చేపలు సముద్రములు దాటవలసి వచ్చెను! విద్య వినయము నిచ్చుననుట నిజమే. కాని అన్నివేళల ఈయదని కూడ గుర్తుంచుకొందము.

1885లో ప్రభుత్వమువారు ఆతనికి సి. ఐ. ఇ. బిరుదము నొసంగిరి. జీవితాంతమున ఆతడు చెల్టెనుహామ్ పట్టణమున నివసించెను. బ్రిటిషు ఇండియా జంతుజాలమను గ్రంథమాలలో చేపలను గూర్చిన రెండు సంపుటములను ఆతడు పూర్తిచేసెను. అందు 1,400కు పైగా జాతులు వర్ణింపబడెను. ఆ సంపుటములు 1889లో ప్రకటింపబడెను. అదే సంవత్సరము జూలై 10వ తేదీన ఫ్రాన్సిస్ డే తన 61వ యేట కన్నుమూసెను.

మనుష్యుడు పోయినను పేరు నిలిచినది. 1892లో సింహళపు చిన్నచేప యొకదానికి ఆతని పేరు పెట్టబడెను. అది నీటిపై తేలుచు దోమపిల్లలను తినునట్టి జాతిలోనిది. 1908లో జర్మనీ దేశపు చేపల పెంపకందార్ల నడుమ దక్షిణభారతదేశమునకు చెందిన మరియొక చిన్నచేప ఆతని పేర ప్రసిద్ధమయ్యెను. ఈ రెండును నేడు ప్రపంచమంతట గాజుతొట్టెలలో పెరుగుచున్నవి. మనకు సమీపమున చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల పెంపకమునకును విక్రయమునకును పేరుపొందిన స్థలము. అచ్చటినుండి ఒక జత చేపలను కొనితెచ్చి ఇంట పెంచు విద్యార్థులు మనలోను కలరు. వారికందరికిని ఎదురగు ప్రశ్న ఒక్కటే: వీటికేమి పెట్టవలెను?

ఈ ప్రశ్నకు డే చూపిన మార్గమునే అనుసరింపవచ్చును. ముందు చేపను చూడుము. నోరు పైకి తిరిగియున్నచో అది నీటిపై తేలు ఆహారమును పట్టునది. నోరు క్రిందికుండి, చుట్టును మీసములున్నచో, జెల్లవలె అడుగుబురదలో తడవి తినునది. కొరమీనువలె పెద్దనోరును వాడిపండ్లును ఉన్నచో అది వేటాడునది. శీలావతివలె పేగు మిక్కిలి పొడవైనచో అది నాచును, మొక్కల ముక్కలను ఎక్కువగా తినునది. పురుగు అన్నిటికిని ఇష్టమే కావచ్చును; కాని అన్నిటికిని అదే భోజనము కాదు.

పెంపకందార్లు వాడు పురుగులలో ముఖ్యమైనవి మూడు. మొదటిది వానపాము, తోటమన్నులో దొరకును. మందులు చల్లని నేలనుండి తీసి, కడిగి, చేప నోటికి తగినట్లు ముక్కలుచేసి పెట్టవలెను. రెండవది ట్యూబిఫెక్స్ అను సన్నని ఎఱ్ఱపురుగు. ఇది ప్రాణవాయువు తక్కువగానుండు బురదలో, మురుగుకాలువలలో తల క్రిందుచేసి, తోకను నీటిలో ఆడించుచు బ్రతుకును. దాని ఎఱ్ఱదనమునకు కారణము మన రక్తములోనున్నట్టి పదార్థమే. కొరతగానున్న ప్రాణవాయువును పట్టియుంచుటకది సాధనము. మూడవది రక్తపురుగు అని వ్యవహరింపబడునది. నిజమునకిది పురుగుజాతి కాదు. కుట్టని ఒకవిధమగు దోమవంటి యీగ యొక్క పిల్ల.

ప్రాణముతో కదలు పురుగును చూచిన చేప ఉత్సాహముతో వెంటాడును. మేత ముట్టక మూలనున్న చేపయు కదలికను చూచి నోరు తెరచును. గ్రుడ్లుపెట్టవలసిన చేపలకు ఈ మాంసాహారము బలమిచ్చును. ఇది లాభము. నష్టమో? మురుగులో పెరిగిన పురుగు మురుగులోని సూక్ష్మజీవులను, విషలోహములను తనతో తెచ్చును. ఇచ్చట ట్రౌటు చేప మరల మన కథలోనికి వచ్చుచున్నది. ట్రౌటు పిల్లలు గిరగిర తిరిగి చచ్చు రోగమొకటి 19వ శతాబ్ది చివరనుండియు శాస్త్రజ్ఞులకు తెలియును. రోగగ్రస్తమైన చేపనుండి ఆరోగ్యమైన చేపకు అది ఎట్లు సోకునో దీర్ఘకాలము బోధపడలేదు. 1980లలోగాని రహస్యము విడలేదు. ఆ రోగకారి తన జీవితములో సగము ట్యూబిఫెక్స్ పురుగులో గడపి, అచ్చటనే రూపము మార్చుకొని, పిమ్మట చేపను చేరునని తేలినది. అది ట్రౌటు జాతులకు చెందిన రోగమే యైనను, పురుగు కేవలము ఆహారము కాదు, వాహనము కూడ కాగలదను హెచ్చరిక అన్ని చేపలకును వర్తించును. కావుననే తెలిసినవారు ఆ పురుగులను కొన్ని దినములు శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి, నీటిని మాటిమాటికి మార్చుచు, చచ్చినవాటిని తీసివేసి, మిగిలినవాటినే కొద్దిగా వాడుదురు.

రెండవ ఉపాయము గడ్డకట్టించిన పురుగులు. డే కాలమున మంచుగడ్డ ఒక అపురూప వస్తువు. నేడు అంగళ్లలోనే పురుగులను చిన్నచిన్న ఘనములుగా గడ్డకట్టించి అమ్ముచున్నారు. సున్నకు దిగువ 18 డిగ్రీలు, లేదా అంతకంటె చల్లని పేటికలో అవి నెలల తరబడి చెడక నిలుచును. ఆ చలికి పరాన్నజీవులలో అనేకములు నశించును. కాని సూక్ష్మజీవులన్నియు చావవు, కొన్ని నిద్రించినట్లుండి కరగగానే మేల్కొనును. అందువలన కావలసినంత ముక్కను మాత్రమే తీసి, గిన్నెలోని నీటిలో కరగనిచ్చి, సన్నని జల్లెడలో కడిగి, ఆ నీటిని పారబోసి పురుగులను మాత్రమే తొట్టెలో వేయవలెను. ఒకసారి కరగినదానిని మరల గడ్డకట్టించి దాచరాదు. రెండు మూడు నిమిషములలో చేపలు తినివేయునంతయే పెట్టవలెను. మిగిలిన పురుగు అడుగున కుళ్లి అమ్మోనియా యను విషమును పుట్టించును. ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును కూడ హరించును. అప్పుడు గాలి మ్రింగగల చేపలు నీటిపైకి వచ్చి ప్రాణము దక్కించుకొనును. ఆ శక్తిలేని చేపలు పైకి వచ్చి నోరు తెరచి చచ్చును. వలను అడ్డము కట్టి డే చేసిన పరీక్షయొక్క అర్థము ఇచ్చట మన కన్నులయెదుట కానవచ్చును. ఆకలిచే చచ్చు చేపలకంటె అతిగా పెట్టుటచే చచ్చు చేపలే గాజుతొట్టెలలో అధికమని పెంపకందార్లు అనుభవముతో చెప్పుదురు.

1865లో డే పేరుపెట్టిన ఎఱ్ఱగీత చేపను మరల కలిసికొందమంటిమి. దాని అందమే దానికి శత్రువైనది. లోకమందలి చేపల ప్రియులు దానిని కోరుటచే, కేరళలోని కొండయేరులలో వేలకొలది పట్టి విదేశములకు పంపిరి. 21వ శతాబ్దిలో అది అంతరించు ప్రమాదముగల జాతుల పట్టికలో చేరినది. దానిని పెంపకపు తొట్టెలలోనే గ్రుడ్లుపెట్టించి పిల్లలను చేయు విధానమును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పెంచినదానిని కొనుట, ఏటినుండి పట్టినదానిని విడిచిపెట్టుట – చేపలను ప్రేమించువారికి ఇదియే ధర్మము. పిల్లలను మిగుల్చుడని నదులవెంట తిరుగుచు డే చెప్పిన మాట తాను పేరుపెట్టిన చేపకే ఇంతకాలమునకు అవసరమయ్యెను.

డే ఉద్యోగము చేసిన దినములలో మన తిరుత్తణి ప్రాంతము ఉత్తర ఆర్కాడు జిల్లాలో, కార్వేటినగరము జమీనులో చేరియుండెను. తరువాత చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో మదరాసు రాష్ట్రమునకు వచ్చెను. జిల్లా మారినది, రాష్ట్రము మారినది. కుశస్థలీనది మారలేదు, వానకు నిండి వేసవికి ఎండు మన చెరువులును మారలేదు. వాటిలోని చేపలకు మనము తెలుగులో ఒక పేరు, తమిళములో ఒక పేరు పెట్టి పిలుచుచున్నాము. ఆ రెండు పేర్లను ఒకే పుటలో వ్రాసి, ప్రక్కన చేప బొమ్మ గీయగల అవకాశము రెండు భాషలు వినుచు పెరుగు మన విద్యార్థులకున్నంతగా మరెవ్వరికి ఉండును? అంగడి బుట్టయొద్ద నిలిచి డే చేసినపని అదియే. దానికి కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, పెద్దలను అడుగు వినయము మాత్రమే.

మనది సత్రము పేర వెలసిన ఊరు. అతిథికి అన్నము పెట్టుటలోని మర్యాద మనకు క్రొత్త కాదు: వచ్చినవాడెవడో తెలిసికొని, వానికి తగినది, శుభ్రమైనది, చాలినంత పెట్టుట. గాజుతొట్టెలోని చేపయు మన యింటి అతిథియే. చేతిలోని పురుగును నీటిలో విడుచుటకు ముందు ఒక్క క్షణమాగి ఆ అతిథి ముఖమును చూచినచో, రెండవ ఫ్రాన్సిస్ డే శ్రమ మనయెడ వ్యర్థము కాలేదని చెప్పవచ్చును.